కొంగులో విరిగిన చుక్క బిస్కెట్టు

నా దగ్గర బేకరీ పని నేర్చుకున్న పిల్లలు నా గురించి చెప్పుకుని నవ్వుకునే సంగతి ఒకటుంది. ఎవరైనా అచ్చు బిస్కెట్టు చేసి పరీక్షకు తెస్తే నేను ముందు రంగు చూడను, వాసన చూడను. చేతిరుమాలు తీసి బిస్కెట్టును అందులో చుట్టి, బట్ట మీంచే పటుక్కున కొరుకుతాను. విప్పి రెండు ముక్కలూ బల్ల మీద పెడతాను. అంచు నున్నగా విరిగితే పాసు. పొడి రాలితే మళ్ళీ చేసుకు రమ్మంటాను. మేడంకి శుభ్రం పిచ్చి అని కొందరు, పళ్ళు కదులుతున్నాయేమోనని కొందరు అనుకునేవారు. అనుకోనీ! పని మీద ధ్యాస ఉంటే నా పళ్ళ సంగతి వాళ్ళకెందుకు?

ఈ పనిలో కొత్తగా అడుగుపెట్టే పిల్లల కోసం నాలుగు మాటలు రాయమన్నారు. సరే. ఏ ఏడు ఏ కుర్చీలో కూర్చున్నానో రాయను, అది చదివితే మీకు నిద్ర వస్తుంది. నాకీ పని మీద పిచ్చి పట్టించిన ఒక్క క్రిస్మస్ సంగతి రాస్తాను. ఆ చేతిరుమాలు గొడవ కూడా అందులోనే ఉంది.

వార్డెన్ గారి షరతు

మాది నంద్యాల వైపు. నాన్నకు హైదరాబాదులో ప్రభుత్వ ఉద్యోగం, వారాసిగూడలో అద్దె ఇల్లు. హోం సైన్సు చదువు ముగించి, అరవైల చివర్లో, విశ్వవిద్యాలయం ఆడపిల్లల హాస్టల్లో వంటశాల చూసుకునే పనిలో చేరాను. చూసుకోవడమంటే ఏముంది? పప్పులో రాళ్ళు, పాలల్లో నీళ్ళు, వంటామెల అలకలు. చదివిన చదువంతా గంపకింద కోడిలా కూర్చుంది.

అక్కడ రెండు మెస్సులు. శాకాహారం వాళ్ళ కంచాలు వేరు, మాంసాహారం వాళ్ళ కంచాలు వేరు, కూర్చునే బల్లలూ వేరు. అంతవరకు నాకేమీ వింతగా తోచలేదు, మా ఇంట్లోనూ గుడ్డు గడప దాటి రాలేదు.

ఆఖరి సంవత్సరం చదువుతున్న గ్రేస్ అనే అమ్మాయి ఒకరోజు వంటశాల గుమ్మంలో నిలబడింది. మెదక్ వైపు పల్లె వాళ్ళది. నవ్వితే ముఖమంతా నవ్వే పిల్ల. "సుగుణక్కా, ఈసారి సెలవులకు ముందే హాస్టల్ల క్రిస్మస్ టీ పెట్టుకుందమా? పెద్దగేం వద్దు. బిస్కెట్లు జేసి చెట్టుకు కడదాం" అంది.

"ఇంటి దగ్గర చేసుకుంటావు కదే?"

"ఇంటికాడ జేస్తం. అమ్మ ప్రతి ఏడూ గరిజెలు, గవే మీ కజ్జికాయలు, జేసి డబ్బ నింపి పంపుతది. సెలవులయినంక తెస్త. అందరు ఏమంటరో ఎరుకనా? 'తర్వాత తింటలే గ్రేస్' అంటరు. ఆ తర్వాత ఎన్నడూ రాదు. డబ్బ ఎట్లొచ్చిందో గట్లనే పోతది అక్కా. అమ్మేమో, మంచిగ కాలేదా బిడ్డా అని అడుగుతది."

ఏడుస్తూ చెప్పలేదు. మామూలుగా, బస్సు తప్పిపోయిందన్నట్టు చెప్పింది. నేనే ఆగలేకపోయాను. రెక్క పట్టుకుని తిన్నగా వార్డెన్ దగ్గరికి తీసుకెళ్ళాను.

వార్డెన్ రాజమ్మగారిది అనంతపురం. మాట కరుకు, మనసు కనబడదు. కళ్ళజోడు మీంచి ఇద్దర్నీ చూశారు. "చేస్తే చేసుకోండి, నేనేమీ వద్దనను. కానీ అందరూ ఒగే చోట కూచ్చోని తినల్ల. గుడ్డు పడిందంటే సగం మంది ముట్టరు. సగం మంది తిని, సగం మంది ముక్కు మూసుకోని లేచిపోయినారంటే అదే ఆఖరు. మళ్ళా ఈ హాస్టల్లో ఆ మాట ఎత్తొద్దండి."

బయటికొచ్చాక గ్రేస్ నన్ను గట్టిగా పట్టుకుంది. "అయితే గుడ్డు లేకుంట జేద్దాం అక్కా! గుడ్డు లేకుంటే అందరు తింటరు గద?"

"ఎందుకు తినరు? ఎగబడి తింటారు!" అన్నాను. ఇద్దరం అలాగే నమ్మాం.

కాచిగూడ గంట

నేను చదివిన పుస్తకంలో ఈ రకం బిస్కెట్టు ఉంది. చపాతీలా ఒత్తి, రేకు అచ్చుతో నక్షత్రం, గంట, చెట్టు ఆకారాలు కోసి, కాల్చి, పైన చక్కెర పూతతో బొమ్మలు వేస్తారు. చదివాను, అంతే. ఎప్పుడూ చేసింది లేదు.

అచ్చులకు కాచిగూడ వెళ్ళాం. రేకు డబ్బాలు చేసే ఒకాయనకు కాగితం మీద బొమ్మలు గీసి ఇచ్చాం. తీరా తెచ్చుకోబోతే నక్షత్రం దివ్యంగా ఉంది. చెట్టు కొంచెం తాటిచెట్టు పోలిక. గంట మాత్రం అచ్చం గుడి గంట, పైన వేలాడదీసే కడియంతో సహా! "గంట అంటే గిట్లనే ఉంటదమ్మా, మీరే తప్పు గీసిండ్రు" అన్నాడాయన గట్టిగా. గ్రేస్ రోడ్డు మీదే పొట్ట పట్టుకుని నవ్వింది. కానీ ఆ కడియం ఎంత పనికొచ్చిందో! దారం కట్టడానికి బొక్క విడిగా పొడవనక్కరలేదు. పిల్లలూ, పనిముట్టు చేసేవాడు మీ బొమ్మను మార్చాడని కోప్పడకండి. ఒకసారి వాడి చూడండి.

పొయ్యి మాటకొస్తే, హాస్టల్లో కట్టెపొయ్యిలే. తార్నాకలో ఒక బేకరీ ఉండేది, వెనక పెద్ద ఇటుక భట్టీ. దాని మేస్త్రీ మల్లయ్య. కండలు తిరిగిన మనిషి, అంతకు మించిన గొప్పలు. "తార్నాకల నా చేతి రొట్టె తిననోడు లేడమ్మా. నేను రెండ్రోజులు ఊరికి వోతే జనం బక్కగయితరు" అనేవాడు. మధ్యాహ్నం రొట్టెలు దిగాక మిగిలిన వేడిని మాకు వాడుకోనిస్తానని ఒప్పుకున్నాడు.

ఆయన రేకులు మాకు పనికిరావు, వాటి మీద గుడ్డు కేకులు కాలుతాయి. అందుకని హాస్టల్ శాకాహారం మెస్సు కంచాలే మోసుకెళ్ళి, బోర్లించి, వాటి వీపు మీద బిస్కెట్లు పేర్చాం. కంచం వీపు మీద వంట చేయడం ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదట.

మల్లయ్య చిటికెడు

వెన్న, మెత్తగా విసిరి జల్లించిన చక్కెర అరచేత్తో తెల్లబడే దాకా రుద్దాలి. ఇది గ్రేస్ చేసింది. పొలం పని చేసిన చెయ్యి, అలసట ఎరగదు. ముద్దను మూడు భాగాలు చేశాం. ఒకదాంట్లో యాలకుల పొడి, ఒకదాంట్లో కమలాపండు తొక్క తురుము, ఒకదాంట్లో శొంఠి. కమలాతొక్క తురిమేటప్పుడు కింది తెల్ల పొర తగిలిందా, చేదెక్కి చస్తుంది. పై రంగు మాత్రమే రాలాలి.

మేం అచ్చులు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్ళినప్పుడు మల్లయ్య వచ్చి మైదాలో చిటికెడు సోడా కలిపి పోయాడు. పాపం, మేలు చేద్దామనే! ఏమీ తెలియని మేం ఆ మైదా కలిపి ముద్ద ఒత్తాం, కోశాం, వెదురు పుల్లతో నక్షత్రాలకు బొక్కలు పొడిచాం, భట్టీలోకి తోశాం. కమలా వాసన వీధిలోకి కొట్టింది. నేను గంతులేయడం ఒక్కటే తక్కువ.

కంచాలు బయటికొచ్చాయి. నక్షత్రాల కోణాలన్నీ ఉబ్బి, కలిసిపోయి, పూరీల్లా గుండ్రంగా కూర్చున్నాయి. బొక్కలు పూడిపోయాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే పొడిపొడి అయింది.

"ఇదేమిటి మల్లయ్యా!"

"మస్తుగున్నయి గదమ్మా! గుల్లగుల్లగ!" అన్నాడు, నోట్లో ఒకటి వేసుకుని. "సోడా లేకుంటే బిస్కెట్టు రాయి అయితది. గందుకే జెర ఏసిన."

"ఎవరు వెయ్యమన్నారయ్యా నిన్ను? నక్షత్రాలు కావాలి నాకు, నక్షత్రాలు!"

"నీకు చుక్కలు గావాల్నని నాకెట్ల ఎరుక? తినేతందుకని జెప్పినవు. తినేది గుల్లగనే ఉండాలె!"

నేను అరిచాను, ఆయన అంతకన్నా అరిచాడు. మధ్యలో గ్రేస్ ఒక బిస్కెట్టు ఎత్తి చూపించి, "కొట్లాడకుండ్రి. గివి చుక్కలు గావు, సూర్యుళ్ళు" అంది. ముగ్గురికీ నవ్వొచ్చింది. ఆ సూర్యుళ్ళను రిక్షావాళ్ళు లొట్టలేసుకుంటూ తిన్నారు.

ఈ పనిలో నాకు దొరికిన మొదటి పాఠం అది. పక్కవాడికి ఏం చెయ్యాలో చెబితే చాలదు, అది దేనికో కూడా చెప్పాలి. బిస్కెట్టుకు తినడం తప్ప వేరే పని ఉంటుందని మల్లయ్య అనుకోలేదు. దీన్ని చెట్టుకు వేలాడదీస్తారని, అంచు కత్తిలా నిలవాలని మేమూ చెప్పలేదు. చెప్పాక చూడండి ఆయన హుషారు! "చెట్టుకు గడ్తరా? బిస్కెట్టునా? అరె, ముందే జెప్పొద్దా!" అని చొక్కా చేతులు పైకి మడిచాడు.

మర్నాడు సోడా లేదు. గుడ్డూ లేదు. ముద్ద ఒత్తుతుంటే అంచులు బీటలు వారాయి. నేను పాలు చెంచాతో ఒక్కో చుక్కా చిలకరించాను. మల్లయ్య తడిబట్ట కప్పి, చలిగాలి తగిలే కిటికీలో పెట్టించాడు. వెన్న గట్టిపడ్డాక అచ్చు దింపితే, ఆహా, ఏం కోత అది! భట్టీ నేల మీద చిటికెడు మైదా చల్లి చూపించాడు. వెంటనే నల్లబడితే రొట్టె వేడి. నెమ్మదిగా గోధుమ రంగు తిరిగితే మన వేడి. ఈ రోజుల్లో పొయ్యికి అంకెలుంటాయి, మంచిదే. కానీ అంకె అబద్ధం చెప్పే రోజు ఒకటి వస్తుంది, ఆ రోజుకు చిటికెడు మైదా దగ్గర పెట్టుకోండి.

ఈసారి నక్షత్రాలు నక్షత్రాల్లాగే దిగాయి! కోణం కోణం తెలుస్తోంది. నేను, గ్రేస్ చేతులు పట్టుకుని గిర్రున తిరిగాం. మల్లయ్య ఒకటి విరిచి, రెండు ముక్కల అంచులూ వేలితో తడిమి, "టక్కున ఇరిగింది. ఒక్క రవ్వ రాలలే" అన్నాడు. అన్నింటినీ గ్రేస్ వాళ్ళమ్మ గరిజెల డబ్బాలో గుడ్డలు పరిచి సర్దుకున్నాం. రిక్షా గతుకులో పడ్డప్పుడల్లా గ్రేస్ డబ్బాను పసిపిల్లలా ఒళ్ళోకి ఎత్తుకుంది.

ముగ్గు చెయ్యి

పైపూతకు కోడిగుడ్డు తెల్లసొన గిలక్కొట్టాలంటుంది పుస్తకం. మాకది కుదరదు. చక్కెర పొడి, పాలు, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపాను. పల్చనై బిస్కెట్టు మీంచి కారిపోయింది. ఇంకాస్త పొడి వేస్తే సున్నం ముద్ద. చివరికి తెలిసిందేమంటే, చెంచాతో ఎత్తి వదిలితే తీగలా పడాలి, ఆ తీగ వెంటనే కలిసిపోకుండా కాసేపు నిలవాలి. రంగులకు బీట్‌రూటు రసం, పసుపు. ఆకుపచ్చకు పాలకూర పిండాను. గ్రేస్ నాకి చూసి, "అక్కా, గిది పప్పుల వేసుకుంటే మంచిగుంటది" అంది. చెట్లు తెల్లగానే ఉండిపోయాయి.

కాగితం పొట్లం కొనతో గీతలు లాగుతుంటే నా గీత అష్టవంకరలు పోయింది. అటుగా వెళ్తున్న వేదవతి ఆగింది. కర్నూలు పిల్ల, గ్రేస్ గదికి ఎదురు గది. పరమ నిష్ఠ, మడీ ఆచారం. ధనుర్మాసమని పొద్దున్నే లేచి హాస్టల్ వాకిట్లో మెలికల ముగ్గులు వేసేది ఆ అమ్మాయే.

"ఏమక్కా ఇది? గీత ఎట్లెట్లో పోతాంది. చూల్లేకున్నా. ఇట్లియ్యి" అని పొట్లం లాక్కుంది. కూర్చున్నాక ఒక మాట అంది. "వేస్తాను గానీ నేను తినను. ముందే చెప్తాండా."

"నీ ఇష్టం" అన్నాను. గుడ్డు లేదు కదా అని అడగబోయి ఊరుకున్నాను.

ఇక ఆ చెయ్యి చూడాలి! నక్షత్రం కోణానికో చుక్క, చుక్క చుట్టూ మెలిక, ఎత్తిన చెయ్యి దించకుండా ఒకే తీగ. గంటల మీద చిన్న చిన్న పద్మాలు. ఆ ఐసింగు ముగ్గులు చూసి నాకు ఒళ్ళు పులకరించింది. తర్వాత పెద్ద పెద్ద హోటళ్ళ పనివాళ్ళను చూశాను, ఆ నాజూకు మళ్ళీ చూడలేదు. గ్రేస్ పొట్లాలు చుట్టి అందిస్తోంది. కాసేపటికి వేదవతి ఆమె చెయ్యి పట్టుకుని దిద్దిస్తోంది. "చుక్క పెట్టి లాగల్ల, అద్దుతాండావేమే, పిడకలు కొడ్తాండావా?" "మా ఇంట్ల పిడకలే కొడ్తరు మరి!" అని గ్రేస్. ఇద్దరూ కిసుక్కున నవ్వుకుంటున్నారు.

అందరికీ పళ్ళ నొప్పులు

ఆ సాయంత్రం భోజనాల గదిలో రెండు మెస్సుల బల్లలూ కలిపి వేశాం. మధ్యలో కుండలో సరుగుడు కొమ్మ, దానికి ఎర్ర దారాలతో నక్షత్రాలు, గంటలు, మా తాటిచెట్లు. గదంతా యాలకులు, శొంఠి, కమలా. పిల్లలు లోపలికొస్తూనే "అబ్బ!" "ఎంత బాగున్నాయే!" అని కేకలు. వార్డెన్ గారు కూడా వచ్చి చివర కుర్చీలో కూర్చున్నారు. మిగతా బిస్కెట్లు కంచాల్లో పెట్టాం.

"గుడ్డు లేదు. కంచాలు కూడా శాకాహారం మెస్సువే. తీసుకోండి!" అన్నాను.

ఎవరో అడిగారు, "ఎవరు కలిపారక్కా పిండి?"

"గ్రేస్" అన్నాను గర్వంగా.

అంతే. కంచం వైపు సాగిన చేతులు కొన్ని జడ సవరించుకోవడానికి పోయాయి. కొన్ని టీ గ్లాసు దగ్గర ఆగాయి. ఒకమ్మాయికి పంటి నొప్పి. ఇంకొకరికి తీపి పడదు. మరొకరిది ఉపవాసం. ఆ గదిలో ఒక్కసారిగా ఎన్ని పళ్ళ నొప్పులు పుట్టాయో! "తర్వాత తింటాలే గ్రేస్" అని ఎవరో మెల్లగా అన్నారు కూడా.

నాకప్పుడు బుర్రకెక్కింది. మేం గుడ్డు తీసేశాం, సోడా తీసేశాం, రేకులు మార్చాం. అసలు అడ్డం గుడ్డు కానే కాదు. ఒళ్ళు మండిపోయింది, కానీ కోపంతో బిస్కెట్టు తినిపించలేం కదా. వార్డెన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. వద్దన్న మాట ఆ నోట్లోంచి రావడమే తరువాయి.

గ్రేస్ లేచింది. బల్ల కింద నుంచి డబ్బా తీసి, మూత తెరిచి, కంచంలోవి ఒక్కొక్కటే అందులో సర్దడం మొదలుపెట్టింది. అలవాటైన పనిలాగే సర్దుతోంది. నా కళ్ళు మసకబారాయి.

"ఏయ్, ఆగు!" వేదవతి కేక. "నా ముగ్గును డబ్బాలో పెట్టి మూస్తావా? మెడ పడిపోయేదాకా వేసింటి దాన్ని!"

విసవిసా వచ్చి గ్రేస్ చేతిలోని నక్షత్రం లాక్కుంది. తన పట్టుచీర కొంగు అంచు దాని మీద కప్పి, ఆ కొంగును గ్రేస్ నోటి దగ్గర పెట్టింది.

"కొరుకు."

గ్రేస్‌కు అర్థం కాలేదు. గదిలో మిగతా అందరికీ అయింది. చిన్నప్పుడు జామకాయో మామిడికాయో ఒక్కటే ఉంటే బట్ట కప్పి కొరికి పంచుకోని వాళ్ళెవరు? కాకెంగిలి! దానికి ఎంగిలి దోషం లేదు!

"కొరకవే! చెయ్యి నొస్తాంది!"

గ్రేస్ కొరికింది. టక్! నున్నగా రెండు ముక్కలు. ఒక్క రవ్వ రాలలేదు. వేదవతి కొంగు విప్పి, ఒక ముక్క గ్రేస్ చేతిలో పెట్టి, రెండోది తన నోట్లో వేసుకుంది. అందరూ చూస్తుండగా కరకరా నమిలింది. "కమలాపండే! ఇంత బాగుంటుందని చెప్పలేదేమక్కా నువ్వు?" అని నా మీద విరుచుకుపడింది.

తర్వాత ఏ చెయ్యి ముందు లేచిందో నేను చూడలేదు. "నాకు గంట!" "ఆ పద్మం నాది!" "ముందు నేను పట్టుకున్నా!" పళ్ళ నొప్పులన్నీ ఎగిరిపోయాయి! అందరూ తిన్నారని చెప్పను. ఇద్దరు ముగ్గురు టీ తాగి లేచిపోయారు, వాళ్ళు లేచిపోయినట్టు ఎవరూ గమనించలేదు. సరుగుడు కొమ్మకు దారాలు మాత్రమే మిగిలాయి. రాజమ్మగారు ఒక గంట తిన్నారు, ఇంకో గంట తీసుకున్నారు. "యాలక్కాయ ఇంకొంచెం పడల్ల. వచ్చే ఏడు ఎక్కువ చేయించు" అని లేచారు. నేను వంటశాలలోకి పరుగెత్తి గోడకు ఆనుకుని భోరుమని ఏడ్చాను. సంతోషంతోనే సుమా!

ఇక మీకు చెప్పేది

అందుకే నేను బట్ట మీంచి కొరుకుతాను. సోడా వేసిన ఆ మొదటి బిస్కెట్టే అయ్యుంటే వేదవతి కొంగులో పొడైపోయేది, పంచుకోవడానికి ముక్కే మిగిలేది కాదు. వెన్న చల్లబడాలి, ముద్ద విశ్రాంతి తీసుకోవాలి, వేడి దిగేదాకా ఆగాలి అని మీ చెవుల్లో నేను జోరీగలా పోరేది అలా నున్నగా విరగడం కోసమే. పూత ఎంత అందంగా వేసినా సరే, పంచుకోవడానికి విరగని బిస్కెట్టు నాకొద్దు.

సెలవులయ్యాక గ్రేస్ ఊరినుంచి డబ్బాతో దిగింది. నేను వాకిట్లో ఉన్నాను. డబ్బా గది దాకా చేరలేదు. మెట్ల దగ్గరే చుట్టుముట్టి, మూత ఒకరు, గరిజెలు ఒకరు లాక్కుని, వేదవతి స్నానం చేసి వచ్చేసరికి అడుగున చక్కెర పొడి మిగిలింది.

"అన్నీ తినేసినారా? నాకొకటన్నా పెట్టలేదా? మీ కడుపులు కాలా!" అని వేదవతి తడిజుట్టుతో గోల.

గ్రేస్ ఖాళీ డబ్బాను ఒకసారి తిరగేసి చూసుకుంది. ముఖమంతా నవ్వు. తర్వాత తన కొంగు చివర ముడి విప్పింది. లోపల సగం గరిజె ఉంది.

"ఎందుకు లొల్లి వెడ్తవు? నీకోసం దాచిన" అంది. "కాకెంగిలే, తిను."